ఏ పచ్చండీ? హిస్టోగ్రామ్‌తో కలర్ కాస్ట్ పట్టుకోవడం

(ఫొటోగ్రాఫర్ల వర్క్‌షాప్‌లో చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం.

పెళ్లి ఆల్బమ్ డెలివరీ ఇచ్చిన వారానికి ఫోన్ వస్తుంది. "ఫొటోలు బానే ఉన్నాయండీ, కానీ అన్నీ పచ్చగా వచ్చాయి." ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఈ మాట విననివాళ్లు ఉండరు. నేను కలర్ ల్యాబ్‌లో పనికి కుదిరిన రోజుల నుంచి, అంటే ముప్పై ఏళ్లుగా వింటున్నాను. విన్నప్పుడల్లా నేను మొదట అడిగేది ఒకటే: "ఏ పచ్చండీ? పసుపు పచ్చా, ఆకుపచ్చా?"

మన భాషలో పచ్చ అంటే రెండూ. పచ్చ చామంతి పసుపు. పచ్చని చేను ఆకు రంగు. పచ్చకామెర్లు పసుపు, ఉంగరంలో పచ్చరాయి ఆకు రంగు. మాట్లాడుకునేటప్పుడు ఎవరికీ ఇబ్బంది రాదు, సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది. ఎడిటింగ్ టేబుల్ దగ్గర మాత్రం ఇవి రెండు వేరు వేరు జబ్బులు. ఇలా ఫొటో మొత్తం ఒక రంగు వైపు మొగ్గడాన్నే కలర్ కాస్ట్ అంటాం. ఒకదాని మందు ఇంకోదానికి వేస్తే ఫొటో ఇంకా పాడవుతుంది. ఎల్లో కొడుతోందా గ్రీన్ కొడుతోందా అని కస్టమర్ చెప్పలేరు. చాలాసార్లు మన కన్ను కూడా చెప్పలేదు. హిస్టోగ్రామ్ చెబుతుంది, అంటే ఏ వెలుగు మెట్టు మీద ఎన్ని పిక్సెళ్లు ఉన్నాయో గుట్టల్లా చూపే బొమ్మ. దాన్ని ఎలా అడగాలో చెప్పడానికే వచ్చాను.

ముందు కన్ను సంగతి. 2009లో ఒక పెళ్లి చేశాను. పెళ్లికూతురి వాళ్లది పాతకాలం ఇల్లు, పెద్ద వసారా. పొద్దున కార్యక్రమాలన్నీ ఆ వసారా నీడలోనే. ఎండ లోపలికి రాలేదు, ఆకాశం వెలుగు మాత్రమే వచ్చింది. ఆ వెలుగులో నీలం ఎక్కువ. వెలుగు రంగుని కెల్విన్‌లో కొలుస్తాం, అంకె పెరిగేకొద్దీ నీలం పెరుగుతుంది. నడినెత్తి ఎండ దాదాపు 5500 కెల్విన్ అయితే, నీడపట్టున అది 7000, 8000 దాకా పోతుంది. ఆ ఫొటోలన్నీ రాత్రిళ్లు కూర్చుని వరసగా ఎడిట్ చేశాను. మొదటి పది ఫొటోలకి కొంచెం చల్లగా ఉన్నాయేమో అనిపించింది. ఇరవై దాటాక ఆ అనుమానమే పోయింది. నలభై షీట్ల ఆల్బమ్ ప్రింటై వచ్చాక పెళ్లికూతురి నాన్నగారు పేజీలు తిప్పి, "బాబూ, పంచెలకి నీలిమందు ఎక్కువైనట్టుంది, అందరి మొహాలూ పాలిపోయినట్టున్నాయి" అన్నారు. ఆయన కోప్పడలేదు. ఒక్కగానొక్క కూతురి పెళ్లి, ఆ పొద్దుట మళ్లీ రాదు కదా. ఆల్బమ్ మొత్తం నా ఖర్చుతో మళ్లీ వేయించాను. ఆ తర్వాత ఫైళ్లు తెరిచి, వెనక సున్నం గోడ ముక్క ఒకటి సెలెక్ట్ చేసి హిస్టోగ్రామ్ చూస్తే, బ్లూ గుట్ట మిగతా రెంటికంటే కుడికి జరిగి, స్పష్టంగా విడిగా నిలబడి ఉంది. అర నిమిషం పని. ఆ అర నిమిషం నేను పెట్టలేదు.

పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని సామెత. మన కన్ను చేసే పని దీనికి ఉల్టా. ఎదురుగా ఉన్నదంతా పచ్చగా ఉన్నా, కాసేపు చూస్తే తెల్లగానే కనిపిస్తుంది. సాయంత్రం బల్బు వెలుగులో పుస్తకం చదువుతుంటే కాగితం తెల్లగానే ఉంటుంది. అదే గదిని వీధిలో నిలబడి కిటికీలోంచి చూడండి, గది మొత్తం నారింజ రంగులో ఉంటుంది. కంట్లో రంగును గుర్తుపట్టే కణాలు మూడు రకాలు. ఏ రంగు వెలుగు ఎక్కువగా పడితే ఆ రకం కణాలు తమ సున్నితత్వాన్ని అంతకంత తగ్గించుకుంటాయి. జర్మన్ శాస్త్రవేత్త ఫాన్ క్రీస్ 1902లోనే ఈ సర్దుబాటుకి లెక్క చెప్పాడు. ఇవాళ కెమెరాలో వైట్ బ్యాలెన్స్ (తెలుపుని తెల్లగా చూపించే సర్దుబాటు) చేసేదీ ఇంచుమించు అదే లెక్క, ఒక్కో ఛానెల్‌ని, అంటే రెడ్, గ్రీన్, బ్లూలలో ఒక్కోదాన్ని, ఒక్కో అంకెతో గుణించడం. బతకడానికి ఈ గుణం మంచిదే. ఎడిటింగ్‌కి మాత్రం కొంప ముంచుతుంది. హిస్టోగ్రామ్‌కి ఈ అలవాటుపడే గుణం లేదు. మొదటి ఫొటోకి ఎలా లెక్కపెట్టిందో వెయ్యో ఫొటోకీ అలాగే లెక్కపెడుతుంది.

హిస్టోగ్రామ్ అంటే ఏంటో మీకు తెలుసు కాబట్టి గబగబా చెబుతాను. అడ్డంగా 0 నుంచి 255 వరకు, ఎడమ కొసన నలుపు, కుడి కొసన తెలుపు. ఏ మెట్టు మీద ఎన్ని పిక్సెళ్లు ఉన్నాయో అంత ఎత్తు గీత. మనలో చాలామంది ఎక్స్‌పోజర్ చూసి వదిలేస్తాం. అలా వదిలేసేవాళ్లు ఎక్కువగా చూసేది ఒకే తెల్ల గుట్ట ఉండే హిస్టోగ్రామ్, అంటే వెలుగుది. అందులో కలర్ కాస్ట్ కనపడదు. వెలుగు లెక్క కట్టే ఒక పాత పద్ధతిలో గ్రీన్ వాటా 59 శాతం, రెడ్ 30, బ్లూ 11. బ్లూ ఎంత అటూ ఇటూ అయినా ఆ గుట్ట పెద్దగా కదలదు. కాబట్టి సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ పెట్టుకోండి, మూడు గుట్టలు విడివిడిగా కనిపించేది. ఇంటికెళ్లాక చేద్దాం అనుకోకండి, ఇప్పుడే, కెమెరా చేతిలో ఉండగానే పెట్టుకోండి.

ఇప్పుడు అసలు చిక్కు. మూడు గుట్టలూ ఒకదాని మీద ఒకటి కూర్చుంటే కాస్ట్ లేదు, విడిపోతే ఉంది అని చాలామంది నేర్పుతారు. మొత్తం ఫొటోకి ఈ మాట పనికిరాదు. తెర మీద చూడండి. ఎర్ర పట్టుచీరలో పెళ్లికూతురు, వెనక ఎర్ర బంతిపూల దండలు. రెడ్ మొత్తం కుడివైపు పోగుపడింది, బ్లూ ఎడమకి పోయింది. ఇందులో కాస్ట్ లేదు. చీర ఎర్రగా ఉంది, అంతే. దీన్ని పట్టుకుని మూడు గుట్టలూ కలిపితే ఆ అమ్మాయి మొహం నీలంగా మారిపోతుంది.

ప్రపంచమంతా సగటు తీస్తే బూడిద రంగు వస్తుందనే ఊహ ఒకటుంది. కోడాక్‌లో పనిచేసిన ఎవాన్స్ ప్రింట్లు సరిచేయడానికి దీన్ని వాడాడు, ఆయన పేటెంట్ 1951 నాటిది. ఆటో వైట్ బ్యాలెన్స్ ఇప్పుడు చాలా తెలివి మీరింది కానీ, దాని పునాదుల్లో ఈ ఊహ ఇంకా ఉంది. మన పెళ్లిళ్లలో అది ఎక్కడ తప్పుతుందో మీకు నా కంటే బాగా తెలుసు. పెళ్లికూతుర్ని చేసే రోజున ఒంటికి పసుపు, చీర పసుపు, వెనక పూలు పసుపు, పళ్లెంలో పసుపు. ఫ్రేమ్ నిండా పసుపే కనిపించేసరికి కెమెరా "ఇది బల్బు వెలుగు కాబోలు" అనుకుని బ్లూ పెంచుతుంది. పసుపు చప్పబడిపోతుంది, మొహంలో కళ పోతుంది. ఆ ఫంక్షన్‌కి ఆటో పెట్టకండి అని ప్రతి వర్క్‌షాప్‌లోనూ చెబుతాను.

మరి ఏం చూడాలి? ఫొటోలో అసలు రంగే లేని వస్తువు ఏదో వెతకాలి. దాని మీదే హిస్టోగ్రామ్ అడగాలి. రంగు లేనిది అంటే తెలుపు, బూడిద, నలుపు. వాటికి రెడ్, గ్రీన్, బ్లూ మూడు అంకెలూ సమానంగా ఉండాలి. ఫొటోషాప్‌లో గానీ గింప్‌లో గానీ ఆ ముక్క వరకు సెలెక్ట్ చేస్తే హిస్టోగ్రామ్ ఆ ముక్కకే వస్తుంది. గుట్టలు సన్నటి మూడు మొనల్లా మారతాయి. మూడూ ఒకే చోట ఉంటే సరే. విడిగా ఉంటే, ఎవరు ఎటు జరిగారో చూడండి.

ఇదిగో, ఫంక్షన్ హాల్ భోజనాల దగ్గర చేతులు కడుక్కునే చోటు. వెనక తెల్ల టైల్. టైల్ సెలెక్ట్ చేశాను. రెడ్ 214, గ్రీన్ 203, బ్లూ 168. కుడిన రెడ్, మధ్యలో గ్రీన్, ఎడమన బ్లూ. ముగ్గురూ వరసలో నిలబడ్డారు. ఇది పసుపు పచ్చ. బల్బు వెలుగు, వార్మ్ ఎల్ఈడీ వెలుగు ఇలాగే ఉంటాయి. పాతకాలం బల్బు 2700 కెల్విన్, దీపం వెలుగైతే 1900 దగ్గర. దీనికి టెంపరేచర్ స్లయిడర్‌ని నీలం వైపు జరపాలి.

ఇప్పుడు రెండో ఫొటో. పాత ట్యూబ్‌లైట్ల హాలు, అక్కడా తెల్ల గోడే. రెడ్ 188, గ్రీన్ 206, బ్లూ 187. రెడ్, బ్లూ ఒకదాని పక్కన ఒకటి కూర్చున్నాయి. గ్రీన్ ఒక్కటే కుడికి పోయింది. ఇది ఆకుపచ్చ. ట్యూబ్‌లైట్‌లో పాదరసం ఆవిరి గ్రీన్ దగ్గర ఒక పదునైన గీతను వదులుతుంది, అందుకే ఇలా. దీని మీద టెంపరేచర్ ఎంత లాగినా లాభం లేదు. టింట్ స్లయిడర్‌ని ఆకుపచ్చకి ఎదురైన మెజెంటా (ముదురు గులాబీ) వైపు జరపాలి.

ఈ ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలా టెన్షన్ తగ్గుతుంది. రెడ్, బ్లూ చెరో పక్కకి పోయి గ్రీన్ మధ్యలో ఉంటే టెంపరేచర్ స్లయిడర్. రెడ్, బ్లూ కలిసే ఉండి గ్రీన్ ఒంటరిగా ఎటైనా పోతే టింట్ స్లయిడర్. రెండూ కలిసిన కేసులూ వస్తాయి. అప్పుడు ముందు రెడ్‌నీ బ్లూనీ టెంపరేచర్‌తో ఒకచోటికి తెచ్చి, తర్వాత గ్రీన్‌ని టింట్‌తో వాటి మీదికి తెస్తాను. ఈ వరసలో చేస్తే తొందరగా తెములుతుంది.

రంగు లేని వస్తువు దొరకడం తేలిక కాదు. పంచె తెల్లగా ఉంది కదా అని ఐడ్రాపర్ (ఈ చోట రంగు లేదని సాఫ్ట్‌వేర్‌కి చూపించే పనిముట్టు) తీసుకుని పంచె మీద నొక్కుతాం. ఆగండి. ఆ పంచెకి నీలిమందు పెట్టి ఉతికారు. అంటే అందులో కావాలనే కొంచెం నీలం కలిపారు. దాని పైన ఇప్పటి డిటర్జెంట్లలో మెరుపు రసాయనాలు ఉంటాయి. అవి ఎండలోని అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని నీలం వెలుగుగా బయటికి వదులుతాయి. ఎండలో నిలబడ్డ పంచె మీద బ్లూ కొన్ని మెట్లు ముందుంటే అది కాస్ట్ కాదు, చాకిరేవు. ఆ నీలాన్ని చంపితే ఫొటో మొత్తం పసుపు అవుతుంది. కొత్త పట్టుపంచె అయితే మీగడ రంగు, అది అటువైపు మోసం చేస్తుంది. ముగ్గు బానే ఉంటుంది గానీ బియ్యప్పిండిలో కొద్దిగా మీగడ ఛాయ ఉంటుంది. స్టీలు బిందె అస్సలు వద్దు, చుట్టూ ఏముంటే ఆ రంగే చూపిస్తుంది. పెద్దవాళ్ల నెరిసిన జుట్టు, తారు రోడ్డు, నల్ల స్పీకర్ బాక్సు ఇవి కొంత నయం. వీటిలో ఏదో ఒక్కటే నమ్మకుండా రెండు మూడు చోట్ల చూసి, అన్నీ ఒకే మాట చెబుతుంటే నమ్మండి. అన్నిటికంటే మేలు బ్యాగులో ఒక గ్రే కార్డు, అంటే ఏ రంగూ కలవని బూడిద అట్ట, పెట్టుకోవడం. ప్రతి కొత్త వెలుగులోనూ పెళ్లివాళ్లలో ఎవరో ఒకరి చేతికిచ్చి ఒక ఫ్రేమ్ తీసుకోండి. 18 శాతం గ్రే కార్డు సరైన ఎక్స్‌పోజర్‌లో మూడు ఛానెళ్లలోనూ 118 దగ్గర కూర్చుంటుంది.

ఏ తెలుపూ దొరకని ఫొటోలుంటాయి. క్లోజప్, మొహం తప్ప ఏమీ లేదు. అప్పుడు చెంప మీద చిన్న ముక్క సెలెక్ట్ చేయండి. చామనఛాయ గానీ, నలుపు గానీ, తెలుపు గానీ, మనిషి చర్మానికి మామూలు వెలుగులో వరస ఒకటే: రెడ్ అన్నిటికంటే కుడిన, తర్వాత గ్రీన్, చివర బ్లూ. మధ్యలో దూరాలు మనిషిని బట్టి మారతాయి, వరస మారదు. బ్లూ వచ్చి గ్రీన్‌ని దాటిందంటే వెలుగులో ఏదో తేడా ఉంది. గ్రీన్ వచ్చి రెడ్ పక్కనే కూర్చుందంటే మనిషి జబ్బుపడ్డట్టు కనిపిస్తాడు. దయచేసి చర్మం రంగు తెల్లబరచడానికి దీన్ని వాడకండి. నల్లటి పిల్ల నల్లగానే, కళగా రావాలి. కాస్ట్ తీస్తే ఆ కళ దానంతటదే వస్తుంది.

(సభలో ఒకరు: కెమెరా వెనక కనిపించే హిస్టోగ్రామ్‌ని నమ్మొచ్చా సార్?)

మంచి ప్రశ్న తమ్ముడూ. రా ఫైల్‌లో (సెన్సర్ పట్టిన సరుకుని యథాతథంగా దాచేది) తీస్తున్నా సరే, వెనక కనిపించేది కెమెరా తయారుచేసుకున్న జేపెగ్ ఫొటోది. నువ్వు పెట్టిన వైట్ బ్యాలెన్స్ అప్పటికే అందులో కలిసి ఉంటుంది. క్లౌడీ పెట్టి తీస్తే ఒకలా, ట్యూబ్‌లైట్ పెట్టి తీస్తే ఇంకోలా కనిపిస్తుంది. ఫైల్‌లోని అసలు సరుకు రెండింట్లోనూ ఒకటే. కాబట్టి స్పాట్‌లో దాన్ని చూసి "ఈ వైట్ బ్యాలెన్స్ ఈ వెలుగుకి సరిపోయిందా" అని తెలుసుకోవచ్చు. ఏదైనా ఛానెల్ కుడి గోడకి గుద్దుకుంటోందా అనేది కూడా అక్కడే చూసుకో. ఎర్రచీరల్లో రెడ్ ఒక్కటే 255కి గుద్దుకుంటుంది, తెల్ల హిస్టోగ్రామ్‌లో అది తెలియదు. ఇంటికొచ్చి చూస్తే చీర మీద జరీ పని, మడతలు ఏమీ ఉండవు, ఎర్రటి మచ్చ ఉంటుంది.

షామియానా గురించి చెప్పకపోతే మన దగ్గర ఈ ప్రసంగానికి అర్థం లేదు. మిట్టమధ్యాహ్నం, పైన ఎరుపు, పసుపు, నీలం పట్టీల గుడ్డ. ఎండ ఆ గుడ్డలోంచి వడకట్టుకుని మనుషుల మీద పడుతుంది. పంక్తిలో ఈ చివర కూర్చున్నాయన ఎర్రగా, నాలుగో ఆయన నీలంగా ఉంటారు. అరిటాకు మీద అన్నం మెతుకులు సెలెక్ట్ చేసి చూడండి, విస్తరికీ విస్తరికీ మూడు మొనల వరస మారిపోతుంది. ఇలాంటి చోట, కిటికీ ఎండా ట్యూబ్‌లైటూ కలిసిన గదిలోనూ, ఒకే గోడని సెలెక్ట్ చేస్తే బ్లూకి రెండు మొనలు వస్తాయి. ఒకటి ఎండ తగిలిన సగానిది, రెండోది ట్యూబ్‌లైట్ సగానిది. రెండు మొనలు కనిపిస్తే ఒక్క స్లయిడర్‌తో పని కాదని అర్థం. మాస్క్ వేసి, అంటే మార్పు కావలసిన భాగానికే తగిలేట్టు పెట్టి, రెండు ముక్కలూ విడిగా చేయాలి. లేదా ముఖ్యమైన మొహం ఎవరిదో నిర్ణయించుకుని వాళ్లకి సరిచేసి, మిగతాది వదిలేయాలి.

సంగీత్ స్టేజీ మీద గాఢమైన నీలం ఎల్ఈడీల కింద తీసినది సరిచేయమని నాకు పంపుతుంటారు. హిస్టోగ్రామ్ తెరిస్తే రెడ్ మొత్తం ఎడమ గోడకి అతుక్కుని ఉంటుంది. పడని వెలుగుని ఎక్కడి నుంచి తెస్తాం? ఆ ఫొటోని నలుపు తెలుపు చేసి ఇవ్వండి, లేదా నీలంగానే ఉంచండి. అక్కడ నీలం వేసింది కావాలనే కదా. మంగళహారతి వెలుగు, సంధ్య ఎండ కూడా అంతే. హారతి పళ్లెం పట్టుకున్న ముత్తైదువ మొహం మీద ఆ బంగారు రంగును 5500 కెల్విన్‌కి తెస్తానంటే నేను ఒప్పుకోను.

చివరగా ఒక పాత ఫొటో. ఇది నాకు చాలా ఇష్టమైన పని కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

ఒకావిడ 1978 నాటి కలర్ ప్రింటు తెచ్చారు. వాళ్లమ్మ సీమంతం ఫొటో. కడుపులో ఉన్నది ఈవిడే. బీరువాలో ఆల్బమ్‌లో భద్రంగానే దాచారు, ఎండ తగలలేదు. అయినా ఫొటో మొత్తం ఎర్రబారిపోయింది. "అమ్మది ఆవపిండి రంగు చీర, అది కొంచెం బాగా కనపడేట్టు చేయండి" అన్నారు.

స్కాన్ చేసి మూడు ఛానెళ్లూ చూశాను. తెరమీద ఉన్నది అదే. గ్రీన్ ఎడమ కొస నుంచి కుడి దాకా పరుచుకుని ఉంది. రెడ్ చూడండి, 90 దగ్గర మొదలైంది. దాని ఎడమన ఖాళీ. ఆవిడ జడ సెలెక్ట్ చేస్తే రెడ్ 96, గ్రీన్ 41, బ్లూ 38. నల్లటి జుట్టులో రెడ్ 96 ఎందుకుంటుంది? ఆ కాలం కలర్ ప్రింట్లలో సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం), మెజెంటా, ఎల్లో అని మూడు రంగుల పొరలు. ఎర్ర వెలుగును మింగే పని సయాన్‌ది. అప్పటి చాలా పేపర్లలో చీకట్లో దాచినా సయాన్ ముందు వెలిసిపోయేది. అది పోయేసరికి ఎరుపును ఆపేవాళ్లు లేరు. ఇప్పుడు ఫొటో చుట్టూ ఉన్న తెల్ల అంచు చూడండి. అక్కడ రెడ్ 238, గ్రీన్ 231, బ్లూ 196. ఆ కాగితం పసుపెక్కింది. అంటే నీడల్లో ఎరుపు, వెలుగుల్లో పసుపు, ఒకే ఫొటోలో రెండు కాస్టులు రెండు కొసల్లో. అందుకే టెంపరేచర్ స్లయిడర్ ఎటు జరిపినా ఒక కొస బాగుపడితే రెండో కొస చెడింది.

లెవెల్స్ (ఒక్కో ఛానెల్ నలుపు, తెలుపు కొసలు జరిపే పనిముట్టు) తెరిచి రెడ్ ఛానెల్ ఒక్కటే తీసుకుని, ఎడమ త్రిభుజాన్ని ఆ గుట్ట మొదలయ్యే చోటికి తెచ్చాను. జుట్టు నల్లబడింది. బ్లూ ఛానెల్‌లో కుడి త్రిభుజాన్ని 200 దగ్గరికి తెచ్చాను. అంచు తెల్లబడింది. స్కాన్ 16 బిట్‌లో, అంటే 256 కంటే చాలా ఎక్కువ మెట్లతో, చేయడం వల్ల ఇంత లాగినా గుట్టలో దువ్వెన పళ్లలాంటి సందులు రాలేదు. మీరూ పాత ఫొటోలకి 16 బిట్టే వాడండి. ఆ తర్వాత చీర వైపు చూస్తే, అది ఆవపిండి రంగులో లేదు. ఆకుపచ్చ.

ఒక క్షణం నేనే తప్పు చేశాననుకున్నాను. మళ్లీ మొదటి నుంచి చేశాను. మళ్లీ ఆకుపచ్చే. ఆలోచిస్తే లెక్క సరిపోయింది. ప్రింటులో ఆకుపచ్చ అంటే సయాన్, ఎల్లో కలిసిన రంగు. సయాన్ పోతే మిగిలేది ఎల్లోనే. ఆ పాత ఫొటోని చిన్నప్పటి నుంచీ చూస్తూ పెరిగిన ఆవిడకి అమ్మ సీమంతం చీర పసుపు పచ్చ అనే గుర్తు.

ఫోన్ చేసి చెబితే ఆవిడ నమ్మలేదు. వాళ్లమ్మగారిని వెంటబెట్టుకుని వచ్చారు. ఆ పెద్దావిడ స్క్రీన్‌కి దగ్గరగా వంగి చూసి, "చిలకపచ్చే నాన్నా, మా పుట్టింటివాళ్లు పెట్టారు. అంచు ఇంకొంచెం ముదురుగా ఉండేది" అన్నారు. అంచుని ఎంత జూమ్ చేసి చూసినా రెడ్ ఛానెల్‌లో అక్కడ తేడా ఏమీ మిగల్లేదు, ఆ తేడా చూపే సయాన్ పోయింది. ఆవిడనే పక్కన కూర్చోబెట్టుకుని, అంచు వరకు మాస్క్ వేసి, "ఇంతా అమ్మా? ఇంకొంచెమా?" అని అడుగుతూ ముదురు చేశాను. ఆవిడ చాలు అన్న చోట ఆపాను.